మనవరాలి బెల్టు ఎవరు కట్టాలి

నా మనవరాలి వీపు ఒక పక్కకు లేచి ఉందని మొదట చూసింది నేను కాదు, వాళ్ల అమ్మమ్మ. ఈ మాట చెబుతుంటే ఇప్పటికీ నా కడుపు మండుతుంది.

పిల్ల చంటిబిడ్డగా ఉన్నప్పటి నుంచి నా దగ్గరే పెరిగింది. నా కొడుకు, కోడలు హైదరాబాద్‌లో కట్టుబడి పనికి పోతారు. ఎక్కడ భవనం లేస్తే అక్కడ రేకుల షెడ్డులో కాపురం. అక్కడ చంటిబిడ్డను ఎలా పెంచుతారని కోస్గి దగ్గర ఉన్న మా ఊరికి నేనే తెచ్చుకున్నాను. మేక పాలు పట్టాను, జోల పాడాను, తలకు పోశాను. ఊహ తెలిసేదాకా ఆ వీపు రుద్దింది నా చేయి. ఆ తర్వాత పిల్ల సిగ్గుపడి తలుపేసుకుని తానే నీళ్లు పోసుకోవడం మొదలుపెట్టింది. ఆ తలుపు వెనకే, నాకు తెలియకుండా, ఆ వీపు వంగింది.

పిల్ల పెద్దమనిషి అయినప్పుడు వాళ్ల అమ్మమ్మ మహబూబ్‌నగర్ నుంచి వచ్చింది. మా వైపు మొదటి చెంబు నీళ్లు పిల్ల తల్లిగారి వాళ్లు పోయాలి. వాకిట్లో చీర అడ్డం కట్టి, పిల్లను పీట మీద కూర్చోబెట్టి తల ముందుకు వంచారు. వాళ్ల అమ్మమ్మ ఒక చెంబు పోసింది, రెండో చెంబు ఎత్తి ఆగిపోయింది.

"వదినె, జర గిటు రా. పిల్ల వీపు చూడు. గీ దిక్కు బొక్కలు లేచినయ్. నీళ్లన్నీ గా దిక్కే జారుతున్నయ్."

"ఊకో వదినె. నీళ్లు పోసేటప్పుడు గవేం మాటలు? పిల్ల సక్కగ కూసోలే, గంతే."

"సక్కగ కూసోబెట్టి నువ్వే చూడు మరి."

కూర్చోబెట్టి చూశాను. కుడి వైపు రెక్క కింద పక్కటెముకలు గట్టులా లేచి ఉన్నాయి. ఎడమ వైపు పల్లంగా ఉంది. పాట పాడుతున్న ఆడవాళ్లు ఆగి నా వైపు చూశారు. ఇన్నేళ్లు సాకినదానివి, నీకు కనపడలేదా అని వదినె అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. నేనూ ఒక మాట అనేదాన్ని. ఆమె పసుపు అంటిన చేత్తో పిల్ల వెన్ను మీద మెల్లగా రాసి, మిగిలిన నీళ్లు పోసింది. ఏడాదికి రెండుసార్లు చుట్టపుచూపుగా వచ్చే మనిషికి కనిపించింది, రోజూ జడ వేసే నాకు కనిపించలేదు.

మహబూబ్‌నగర్ దవాఖానలో ఎముకల ఫొటో తీసి మమ్మల్ని హైదరాబాద్‌కు పంపారు. అక్కడ డాక్టరమ్మ ఆ ఫొటోను వెలుతురుకు పెట్టి చూపించింది. గాలివానకు ఒరిగి మళ్లీ పైకి లేవబోయిన జొన్నకర్రలా ఉంది వెన్ను. ఎవరి తప్పూ కాదని, బరువులు మోసినందుకు వచ్చింది కాదని, పిల్ల ఎదిగే వయసులో కొందరికి ఇలా అవుతుందని చెప్పింది. ఎదుగుదల ఆగేదాకా గట్టి బెల్టు వేసుకోవాలి. స్నానానికి, ఆటకు తప్ప పగలూ రాత్రీ ఒంటి మీదే ఉండాలి. వేసుకుంటే వంపు ఉన్నచోట నిలబడే ఆశ ఉంది. వేసుకోకపోతే వంపు పెరుగుతుంది, అప్పుడు వీపు కోసి వెన్నుకు కడ్డీలు వేయాల్సి రావచ్చు.

తిరిగి వచ్చేటప్పుడు పిల్ల బస్సులో నా చెవి దగ్గరకు వచ్చి, "అవ్వా, గది పెట్టుకుంటే ఊపిరి ఎట్లొస్తది?" అంది. కిటికీ పక్కన కూర్చున్న వాళ్ల అమ్మమ్మ, "మెల్లమెల్లగ అలవాటైతది బిడ్డా, ఫికర్ జేయకు" అంది. అడిగింది నన్ను, జవాబు చెప్పింది ఆమె.

బెల్టు అంటే నడుముకు పెట్టుకునే తోలు బెల్టు కాదు. చంకల కింద నుంచి తుంటి దాకా వచ్చే గట్టి ప్లాస్టిక్ డొల్ల. వెనక తెరిచి ఉంటుంది. దాన్ని మూడు పట్టీలతో బిగించాలి. పిల్ల చేతులు వెనక్కి అందవు కాబట్టి ఇంకొకరు కట్టాలి. మొదట గంటో రెండు గంటలో పెట్టి, రోజురోజుకూ పెంచుకుంటూ పొమ్మన్నారు. విప్పినప్పుడు చర్మం ఎర్రగా ఉంటే భయపడవద్దు, కాసేపటికి ఆ ఎరుపు పోవాలి, పోకపోతే వచ్చి చూపించమన్నారు.

మొదటి వారం నేనే కట్టాను. పిల్ల కింద కూర్చుని తినలేకపోయింది. ముద్ద నోట్లో పెట్టుకోవడానికి వంగలేదు, కడుపు నిండా తింటే ఊపిరాడదు. ముక్కాలి పీట తెచ్చి కొంచెం కొంచెం పెట్టేదాన్ని. ఒకరోజు బడి నుంచి వచ్చి బెల్టు విప్పించుకుని మా గొర్ల దొడ్లోకి విసిరేసింది. ఎవడో వెనక నుంచి పిడికిలితో కొట్టి, "డబ్బా మోగుతాందిరో" అన్నాడట. గొర్రెపిల్ల ఒకటి దాన్ని వాసన చూసి లోపలికి తల దూర్చింది. నేను నవ్వాను. పిల్ల రెండు రోజులు నాతో మాట్లాడలేదు, బెల్టూ పెట్టుకోలేదు.

ఈ సంగతి కోడలి ద్వారా తెలిసి వాళ్ల అమ్మమ్మ బస్సులో కుట్టుమిషన్ వేసుకుని దిగింది. ఆమె మహబూబ్‌నగర్‌లో జాకెట్లు కుట్టి బతుకుతుంది. భర్త పోయాడు, కొడుకు వేరే ఉన్నాడు.

"నాలుగు రోజులు ఉండి పోత వదినె" అంది.

"ఉండు వదినె, నీ ఇల్లే గద" అన్నాను. ఆమె మిషన్ నా మంచం పక్కన పెట్టింది.

ఆమె చేసిన మొదటి పని, పిల్ల బెల్టు లోపల వేసుకునే బనియన్లు తిరగేసి చూడడం. "కుట్లు లోపలికి ఉన్నయ్. గవే గుచ్చుతున్నయ్" అంది. మెత్తటి నూలు గుడ్డ తెచ్చి, ఒంటికి అంటుకునేలా, కుట్లన్నీ బయటికి వచ్చేలా కుట్టింది. బడి బట్టల మీదికి, భుజాల దగ్గర కుచ్చులు పెట్టి బెల్టు అంచు కనపడకుండా వదులు కుర్తా కుట్టింది. పిల్ల అద్దం ముందు ఇటూ అటూ తిరిగింది.

"అమ్మమ్మా, కనవడుతలేదే!"

"కనవడితే మాత్రం ఏమైతది? రాజుల కాలంల యుద్ధానికి పోయేటోళ్లు గిసొంటివే ఏసుకునేటోళ్లు."

పిల్ల నవ్వింది. మర్నాడు బెల్టుతోనే బడికి పోయింది. ఇది నేను చేయలేకపోయిన పని. మంచి జరిగిందని సంతోషపడాలి. పడ్డాను కూడా. కానీ ఆ రోజు నుంచి పొద్దున్నే పిల్ల బెల్టు పట్టుకుని నన్ను దాటుకుని ఆమె దగ్గరికి పోయేది.

అంతకు ముందు సాయంత్రాలు నావి. యాభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది ఈ పిల్లే. దీపం పెట్టే వేళకు ఇద్దరం గడపలో కూర్చునేవాళ్లం. నేను పలక మీద రాస్తే పిల్ల దిద్దేది. గుణింతాలు అయిపోయి, చిన్న చిన్న మాటలు కూడబలుక్కునే దగ్గర ఉన్నాం. మిషన్ వచ్చాక ఆ వేళకు పిల్ల అమ్మమ్మ పక్కన చేరి గుండీలు కుట్టడం నేర్చుకుంటోంది. నేను పలక పట్టుకుని పిలిస్తే, "జరసేపాగు అవ్వా" అనేది. మిషన్ చప్పుడులో వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లో నాకు వినపడేది కాదు. నవ్వు మాత్రం వినపడేది.

ఇంకొకటి గమనించాను. ఆమె కట్టేటప్పుడు పిల్ల నోరెత్తేది కాదు. పళ్లు బిగపట్టి నిలబడేది. నేను కట్టినప్పుడు ఇల్లెగిరిపోయేలా అరిచేది. ఆమె చేయి మెత్తన, నాది మోటు అనుకున్నాను. గొర్లను పట్టిన చేయి కదా అనుకున్నాను. ఆ ఆలోచన నన్ను తిననివ్వలేదు.

పెళ్లిళ్ల రోజులు వచ్చి, జాకెట్లు ఇచ్చి వస్తానని వదినె మహబూబ్‌నగర్ పోయింది. బెల్టు మళ్లీ నా చేతికి వచ్చింది. నేను దాన్ని తిప్పి తిప్పి చూశాను. కుడి పక్క లోపల మెత్త ఉంది, అది ఒంటిని నొక్కుతుంది. ఎడమ పక్క చూస్తే ఒంటికీ డొల్లకూ మధ్య నాలుగు వేళ్లు దూరేంత ఖాళీ. కొలత తప్పి చేశారని అనుకున్నాను. మా ఇంట్లో గొర్రెపిల్ల కాలు విరిగితే నేనే కడతాను. వెదురు దబ్బలు పెట్టే ముందు ఉన్ని చుట్టి, ఎక్కడా ఖాళీ లేకుండా చూడాలి. ఖాళీ ఉంటే దబ్బ ఒరుసుకుని పుండు పడుతుంది, పురుగు పడుతుంది. ఆ లెక్కే ఇక్కడా వేశాను. గొర్రెపిల్లల మొదటి కోత ఉన్ని మెత్తగా ఉంటుంది. దాన్ని ఏరి, దువ్వి, పాత ధోవతి గుడ్డలో సంచిలా కుట్టి ఆ ఖాళీలో పెట్టాను. అది పట్టడానికి పట్టీలు కొంచెం వదిలాను.

పిల్ల నాలుగడుగులు నడిచి వెనక్కి తిరిగింది.

"అవ్వా! నొస్తలేదు!"

"మరి? మీ అవ్వంటే ఏమనుకున్నవ్?"

ఆ వారం నా అంత సంతోషంగా ఉన్న మనిషి మా మండలంలో లేదు. వదినె తిరిగి వచ్చి బెల్టు అందుకోబోతే, పిల్ల పక్కకు జరిగి, "వద్దు అమ్మమ్మా, అవ్వ కడితే మంచిగుంటది" అంది. వదినె చేయి గాలిలో ఆగింది. నేను చాట తీసుకుని బియ్యం చెరగడానికి పోయాను, నవ్వు కనపడకుండా.

"ఏం మంత్రమేసినవ్ వదినె?" అంది ఆమె.

"మంత్రమేముంది వదినె, చేతిగుణం" అన్నాను.

మళ్లీ చూపించుకునే రోజు ముగ్గురం హైదరాబాద్ పోయాం. బెల్టు మీదే ఫొటో తీశారు. డాక్టరమ్మ దాన్ని చూసి కనుబొమలు ముడిచి, బెల్టు విప్పమంది. విప్పగానే నా ఉన్ని సంచి బల్ల మీద పడింది. గదిలో గొర్ల వాసన వచ్చింది.

"ఇది ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టిన అమ్మా. ఖాళీ ఉంటే ఒరుసుకపోయి పుండైతది గద."

డాక్టరమ్మ తిట్టలేదు. నా చేయి పట్టుకుని బెల్టు లోపల పెట్టించింది. "ఇటు నుంచి ఈ మెత్త నెడుతుంది. నెడితే వీపు అటు జరగాలి. జరగాలంటే చోటు కావాలి కదమ్మా? ఆ ఖాళీ మేం మర్చిపోయి వదిలింది కాదు, కావాలనే వదిలాం. మీరు దాన్ని నింపేశారు, పట్టీలూ వదిలేశారు. అందుకే నొప్పి లేదు, పనీ లేదు." తర్వాత పిల్ల వైపు తిరిగి, వంపు కొంచెం పెరిగిందని, ఇప్పటికైనా గుర్తుల దాకా బిగించి కడితే ఆపవచ్చని, ఇంకోసారి ఇలా అయితే ఆపరేషన్ మాట ఎత్తక తప్పదని చెప్పింది. పట్టీల మీద పెన్నుతో గీతలు గీసి ఇచ్చింది.

బస్సులో వదినె ఆ ఉన్ని సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. షాద్‌నగర్ దాటాక, "ఉన్ని మాత్రం మంచిది వదినె. దిండుల నింపుకుంటే మస్తు నిద్రొస్తది" అంది. పిల్ల ఫక్కున నవ్వింది. అంత నొప్పి, అంత భయం మోస్తున్న పిల్ల నవ్వితే నేను మురిసిపోవాలి. కానీ నన్ను చూసి, ఆమె మాటకు నవ్వింది.

రెండు రోజులకు కోడలు ఫోన్ చేసింది.

"అత్తమ్మా, తప్పుగ అనుకోకు. పిల్ల మా అమ్మ తాన ఉంటే దవాఖాన దగ్గరైతది, బెల్టు గూడ మంచిగ కడ్తది. ఎండకాలం సెలవులియ్యంగనే ఆడికి పంపుదం. ఆడనే బళ్లె ఏస్తం."

"మా కొడుకేమంటుండు?"

"ఆయన నీతోని చెప్పలేక నన్ను మాట్లాడుమన్నడు."

ఫోన్ పెట్టేశాక దొడ్లోకి పోయి నిలబడ్డాను. పిల్ల వీపు కోయించాల్సి వస్తుందన్న భయం ఒకవైపు. పిల్ల ఆ ఇంటి పిల్ల అయిపోతుందన్న భయం ఇంకోవైపు. ఏది ఎక్కువ అని ఎవరైనా అడిగితే నిజం చెప్పలేకపోయేదాన్ని.

వదినె మిషన్ మీద ఉంది. పక్కన పోయి కూర్చున్నాను.

"వదినె, బెల్టు కట్టుడు నాకు నేర్పియ్యి."

ఆమె తలెత్తలేదు. కుట్టు చివరి దాకా పోనిచ్చి, దారం కొరికింది.

"పిల్లను పంపద్దనా?"

"ఔ."

"మరి నేనెందుకు నేర్పాలె?"

"నువ్వు నేర్పకున్నా పిల్ల నా తాన ఉన్నన్ని దినాలు నేను కడ్త. తప్పు కడ్త. దాని వీపే పోతది."

"బెదిరిస్తున్నవా?"

"బెదిరిస్తున్న."

ఆమె అప్పుడు నా ముఖంలోకి చూసింది. "పొద్దుగాల రా" అంది.

మర్నాడు పొద్దున పాఠం మొదలైంది. ముందు బనియన్ కిందికి లాగి ఒక్క ముడత లేకుండా సాపు చేయాలి. బెల్టు వెడల్పు చేసి తొడిగి, నడుము గుంట దగ్గర సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. అప్పుడు పిల్లను మంచం మీద పక్కకు పడుకోబెట్టి, ఊపిరి వదిలినప్పుడు నడిమి పట్టీ లాగాలి. తర్వాత కిందిది, చివరికి పైది. నేను బలం చాలక, ఉన్ని కత్తిరించేటప్పుడు గొర్రెను అదిమినట్టు మోకాలు పెట్టాను.

"మోకాలు తియ్యి వదినె! గది గొర్రె కాదు, మనవరాలు!"

పిల్ల దిండులో ముఖం పెట్టి నవ్వింది. పట్టీ గుంజగానే నవ్వు పోయింది.

"అబ్బా! సంపుతవా ముసలిదానా! నీ చేతులిరగ!"

నేను పట్టీ వదిలేశాను.

"ఇడువకు!" అని అరిచింది వదినె. "గుర్తు దాక రాలే. గుంజు."

గుంజాను. పిల్ల నన్ను, మా గొర్లను, మా ఊరిని, చనిపోయిన మా అత్తను కూడా కలిపి తిట్టింది. గీత దాకా వచ్చింది. వదినె రెండు వేళ్లు దూర్చి చూసి, "బాగుంది" అంది, ఇష్టం లేకుండా. అలా సెలవులు వచ్చేదాకా రోజూ కట్టాను. రోజూ తిట్లు తిన్నాను. ఒక్కోరోజు ఆమె కట్టేది. అప్పుడు పిల్ల ఎప్పటిలాగే కిక్కురుమనేది కాదు. అది చూసి, ఇక పిల్ల ఎటు పోతుందో తెలిసిపోయిందనుకున్నాను.

సెలవులు ఇచ్చారు. వదినె మిషన్‌కు గుడ్డ చుట్టి తాడు కడుతోంది. మర్నాడు పొద్దున బస్సు.

"బట్టలు సదురుకున్నవా బిడ్డా?"

"అమ్మమ్మా, నేను ఈడనే ఉంట."

తాడు కట్టే చేతులు ఆగాయి. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. గరిటె తిప్పడం ఆపలేదు.

"ఎందుకు? నేను కడితే నొస్తదా?"

"నొస్తది. అవ్వ కట్టినా అంతే నొస్తది. కని నీ దగ్గర అరవబుద్ధి కాదు. అవ్వనైతే నోటికొచ్చినట్టు తిడ్త. తిడితే జర తక్కువైతది."

"నన్ను గూడ తిట్టరాదే. నేనేమన్న అంటినా?"

"నిన్నెట్ల తిడ్త అమ్మమ్మా? నువ్వు సుట్టమొచ్చినట్టు వస్తవు."

పిల్ల ఆ మాట చెడ్డగా అనలేదు. ప్రేమగానే అంది. వదినె మళ్లీ తాడు అందుకుని, అప్పటికే వేసిన ముడి మీద ఇంకో ముడి వేసింది. ఆమె ముఖం చూశాను. నాకు జాలి కలిగిందని చెబితే అబద్ధం అవుతుంది. సంతోషం కలిగింది. ఆమె ముఖంలోకి వచ్చినదేమిటో నాకు బాగా తెలుసు. మిషన్ దిగిన రోజు నుంచి అది నా ముఖంలో ఉంది.

ఆ రాత్రికే ఆమె నా కోడలికి ఫోన్ చేసి, "పిల్ల ఈడనే ఉంటదట. మీ అత్త కట్టుడు నేర్చింది, నేను చూసిన" అని చెప్పింది. ఆ ఒక్క మాట నా తరఫున ఎందుకు చెప్పిందో నేను అడగలేదు.

వర్షాకాలంలో మళ్లీ ఫొటో తీశారు. వంపు పెరగలేదు. తగ్గలేదు కూడా, కానీ పెరగకపోవడమే మనం కోరుకునేదని డాక్టరమ్మ అంది. ఎవరు కడుతున్నారని అడిగింది. "మా అవ్వ" అంది పిల్ల. బయటికి రాగానే మాత్రం నా పక్కనే నిలబడి మొదట ఫోన్ చేసింది వాళ్ల అమ్మమ్మకు. "పెరగలేదంట అమ్మమ్మా!" అని ఒకటే కేకలు. అవతల ఆమె ఏడుస్తున్నట్టుంది, పిల్ల ఓదారుస్తోంది. నేను సంచి పట్టుకుని నిలబడ్డాను. నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పనవసరం లేదు, నేను అక్కడే ఉన్నాను కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అయినా మండింది.

పిల్ల ఈ మధ్య ఇంకా పొడుగైంది. ఇంకో ఏడాదో ఏడాదిన్నరో, ఎముక ఎదుగుదల ఆగాక బెల్టు మెల్లగా మానిపించవచ్చన్నారు. మొన్నటి నుంచి తానే వెనక్కి చేతులు పెట్టి పట్టీలు అందుకోవడానికి చూస్తోంది. రెండు అందుతున్నాయి. నడిమిది అందినా గీత దాకా రావడం లేదు. నిన్న పొద్దున అలా పెనుగులాడి పెనుగులాడి, చివరికి మంచం మీద పక్కకు పడుకుంది.

"ఏం చూస్తున్నవ్? రా, గుంజు."

"నువ్వే కట్టుకుంటవేమో అనుకున్న."

"బడికి ఆలిశమైతాంది ముసలిదానా, గుంజు!"

ఊపిరి వదిలే దాకా ఆగి, గీత దాకా గుంజాను. మా వాడ అంతా వినపడేలా తిట్టింది.